పాతకాలం పండు బొమ్మ: చేతిరంగుదా, రంగు అచ్చా, కొత్త ప్రింటా? ఏది మేలు?

అనాసో, మాంగోస్టీనో ఉన్న పాత బొమ్మ కొనాలంటే మూడు రకాలు కనిపిస్తాయి. నల్లగీతల అచ్చు మీద చేత్తో రంగు వేసినది, రంగుల్లోనే అచ్చయిన క్రోమోలిథోగ్రాఫ్, వీటిని స్కాన్ చేసి తీసిన కొత్త ప్రింటు. అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పని నాలుగో రకం కూడా ఉంది: కాగితం, అచ్చు పాతవే, రంగు మాత్రం ఈమధ్య వేసినది. నా లెక్కలో అన్నిటికన్నా నష్టం దానితోనే, ఎందుకంటే అసలు సరుకు ధరే అడుగుతారు.

చేతిరంగు బొమ్మ అందం దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. భూతద్దం పెడితే గీత నల్లగా ఉంటుంది, రంగులో చుక్కలుండవు, పలుచగా పరుచుకుని ఆకు అంచు దగ్గర గీత దాటి కాస్త బయటికొస్తుంది. వెలుతురుకి ఏటవాలుగా వంచితే, ముదురు తొక్క భాగంలో బంక కలిపిన రంగు తళుక్కుమనడం కూడా చూడొచ్చు. రాగి పలకతో అచ్చు వేసినదైతే, కాగితం అంచులు కత్తిరించకపోతే, బొమ్మ చుట్టూ పలక నొక్కిన గుర్తు వేలికి తగులుతుంది. లండన్‌లో 1787లో మొదలైన మొక్కల బొమ్మల పత్రిక కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ 1948 దాకా చేతిరంగులే వేయించింది. నమూనా చూసి రంగులద్దే పనివాళ్లు చాలామంది, అందుకే ఒకే బొమ్మ ప్రతులు రెండు అచ్చం ఒకేలా ఉండవు. నాకు నచ్చేదీ అదే.

ఇక రంగు ఎప్పటిదన్నది అసలు చిక్కు. దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లొచ్చిన చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేసిన పుస్తకంలో మొదటి బొమ్మే అనాస, దాని మీద బొద్దింకలు. ఆ పుస్తకం రంగులతోనూ, రంగుల్లేకుండానూ అమ్ముడైంది. ఇలాంటి పుస్తకాల్లోని నలుపు తెలుపు బొమ్మలకు ఆ తర్వాత ఎవరైనా రంగు వేయొచ్చు. పాత ఆకుపచ్చల్లో రాగి ఉన్నవి కాగితాన్ని తినేస్తాయి, వెనక్కి తిప్పితే ఆకు ఆకారంలో గోధుమ మరక కనిపించొచ్చు. మరక లేనంత మాత్రాన కొత్త రంగని కాదు. కానీ కాగితమంతా పసుపెక్కి, రంగు మాత్రం నిగనిగలాడుతుంటే అనుమానించాల్సిందే.

క్రోమోలిథోగ్రాఫ్‌ను యంత్రం పనేగా అని తీసిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. బొమ్మను రాతి పలకల మీద గీసి, రంగుకో రాయి చొప్పున ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తారు, భూతద్దంలో రంగురంగుల గింజలు అడ్డదిడ్డంగా కలిసిపోయి ఉంటాయి. డచ్ చిత్రకారిణి బెర్తె హూలా వాన్ నూటెన్ జావాలో గీసిన పూలు, పండ్ల బొమ్మలు 1863-64లో బ్రస్సెల్స్‌లో ఇలాగే అచ్చయ్యాయి, పైన అక్కడక్కడా చేతిపని కూడా ఉంది. ఆ చిక్కటి రంగు పలుచటి పూతకు రాదు.

కొత్త ప్రింటులో చుక్కలు చాలా సన్నగా, ఒకే తీరుగా ఉంటాయి. అలంకారానికైతే అందులో తప్పేం లేదు. ఎండ పడే గోడకూ వంటగదికీ అదే కొనండి. పాత నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, మ్యూజియంలు సుమారు 50 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుగులో ఉంచేది అందుకే.

నీడ గోడ, కాస్త డబ్బు ఉంటే మాత్రం చేతిరంగుదే తీసుకోండి. రంగు ఎప్పటిదో బిల్లు మీద రాసిమ్మనండి. నసిగితే వదిలేసి క్రోమోలిథోగ్రాఫ్ వైపు వెళ్లండి. అట్టకు జిగురుతో అతికించేసిన బొమ్మ ఎంత చవకైనా వద్దు.