ఈల్డన్ కొండలు: మెల్రోజ్ వెళ్తే ఏది ఎక్కాలి, ఎక్కడ ఉండాలి

ఎడిన్‌బరో వచ్చిన మనవాళ్లలో చాలామంది పొద్దున్నే టూర్ బస్సెక్కి స్కాట్లండ్ ఉత్తరాన కొండప్రాంతమైన హైలాండ్స్‌కే పోతారు. చేతిలో ఒక్కరోజే ఉంటే నా ఓటు మాత్రం దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దు వైపున్న మెల్రోజ్ అనే చిన్న ఊరికే. రోజంతా బస్సులో నడుం విరగ్గొట్టుకునే పని లేదు. ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంటలో చివరి స్టేషన్ ట్వీడ్‌బ్యాంక్. 1969లో మూసేసిన ఈ లైన్‌ను 2015లో మళ్లీ తెరిచారు. అక్కడి నుంచి మెల్రోజ్‌కి బస్సుంది, నది ఒడ్డున నడిచినా ముప్పావు గంటే.

ఊరి వెనకే మూడు ఈల్డన్ కొండలు. డింగిల్టన్ రోడ్డు మీద కొంచెం దూరం వెళ్లగానే ఎడమపక్క సెయింట్ కత్‌బర్ట్స్ వే అనే నడకదారి బోర్డు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి చెక్కమెట్లు. అసలు ఆయాసమంతా ఆ మెట్ల దగ్గరే, పైన కొండ అంత కష్టపెట్టదు. మెట్లు దాటాక పచ్చిక బీళ్లు, గొర్రెలు. ముళ్లతీగకి ఉన్ని పోగులు చిక్కుకుని గాలికి ఊగుతుంటాయి. గేటు తీస్తే మళ్లీ వేసి కదలాలి, ఇక్కడ అది తప్పనిసరి మర్యాద.

మధ్య కొండ ఎత్తు 422 మీటర్లు, ఉత్తరపుది 404. అందరూ ఎత్తైనదే ఎక్కుతారు. పైన నవలాకారుడు వాల్టర్ స్కాట్ జ్ఞాపకార్థం పెట్టిన దిక్కుల పలక ఉంది, సరిహద్దులోని చెవియట్ కొండలూ కనిపిస్తాయి. కానీ చివర్లో రాళ్లు జారతాయి. పెద్దవాళ్లతో వెళ్తే ఉత్తర కొండే మేలు. కాళ్ల కింద గడ్డి, మెత్తటి వాలు. పైన గడ్డిలో అక్కడక్కడా చదునైన గుంటలు కనిపిస్తాయి. రోమన్ల కంటే ముందు కోట కట్టుకుని ఉన్నవాళ్ల ఇళ్ల జాగాలవి, దాదాపు 300 ఉన్నాయట. తర్వాత రోమన్లు అదే శిఖరం మీద కావలి బురుజు కట్టుకున్నారు. అంత చరిత్ర మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచామా, గాలికి మూత ఎగిరిపోయి గొర్రెల పాలైంది! ఎండ కాస్తున్నా గాలికోటు ఉండాల్సిందే. ఆగస్టులో వెళ్తే హెదర్ అనే పొద పూసి పైభాగమంతా ఊదారంగు తిరుగుతుంది.

ఇక బస. మేం దిగిన బీ అండ్ బీలో (పొద్దుటి టిఫినుతో గది ఇచ్చే ఇల్లు) గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రి పది కాగానే హీటర్ ఆపేశారు. పొద్దున శాకాహారులకి బీన్స్, పుట్టగొడుగులు, బంగాళాదుంప స్కోన్ (పెనం మీద కాల్చే రొట్టెలాంటిది) పెట్టారు. ఆ స్కోన్ మాత్రం బ్రహ్మాండం. రాత్రి భోజనానికి తొందరపడాలి. ఎనిమిదిన్నరకి వెళ్తే ఒక పబ్‌లో కిచెన్ మూసేశామన్నారు, ఆ పూటకి చిప్సే గతి అయ్యాయి.

ఆ డబ్బుకి బస అంత అవసరమనిపించలేదు. జూన్, జూలైలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి కొండ ఎక్కి దిగి, 1136లో కట్టడం మొదలైన మెల్రోజ్ అబ్బే (పాత క్రైస్తవ మఠం) చూసి, నింపాదిగా రైలెక్కొచ్చు. అబ్బేలో మాత్రం తలెత్తి పైకప్పు చూడండి, బ్యాగ్‌పైప్ ఊదుతున్న పంది బొమ్మ ఒకటుంటుంది.