ఎల్ నినో అంటున్నారు, మిర్చి వేద్దామా శనగ వేద్దామా?

మా గుంటూరు వైపు వేసవి వస్తే ఇదే గోల. పసిఫిక్ నడుమ నీళ్లు వేడెక్కితే ఎల్ నినో, చల్లబడితే లా నినా. మొదటిదైతే మనకి వానలు తగ్గొచ్చు, రెండోదైతే బాగా పడొచ్చు, అక్కడెక్కడో జరిగేదానికి ఇక్కడ మా చేలో లెక్క మారిపోద్ది.

ఖర్చు: మిర్చికి ఎకరాకి లక్ష దాటుద్ది, కౌలు వేరే. శనగకి అందులో చిన్న ముక్క.

నీళ్లు: మిర్చికి కాలవ రావాలి. 2023 ఎల్ నినోలో దేశం మొత్తానికి ఆగస్టు నెల, 1901 నుంచి ఎప్పుడూ లేనంత పొడిగా పోయింది, సాగర్ కాలవని నమ్ముకుని నాటేసిన మా బాబాయి ట్యాంకర్ తెప్పించి చెంబుతో మొక్కమొక్కకీ పోశాడు. శనగ నల్లరేగడి చెమ్మకే పండుద్ది.

రిస్క్: లా నినా అయితే మిర్చి సేఫ్ అనుకోకండి. 2021లో వానలకి లోటు లేదు, కానీ పువ్వు దులిపితే అరచేతిలో నల్ల తామర పురుగులు చుక్కల్లా పాకేవి, తోటలే పీకేశారు. శనగకి తుఫాను భయం, ఎల్ నినో ఏడాదే కదా మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది!

ఇంకోటి, 1997లో ఎల్ నినో గట్టిదే, అయినా హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి వానల్ని కాపాడింది. పేరు విని బెదిరిపోవద్దు.

బోరుండి అప్పు లేనోళ్లు ఎల్ నినో అన్నా మిర్చి వేసుకోండి, ఓ ఎకరం తగ్గించి. కాలవ చివర కౌలు చేనైతే శనగే. లా నినా అంటే మిర్చి, కాకపోతే ముందు మురుగు బోదెలు తీయించండి.