పేపర్ మారియో సుత్తి: ఏ గేములోని అప్‌గ్రేడ్ మేలు?

2024 మే నెలలో ‘ద థౌజండ్ ఇయర్ డోర్’ గేము నింటెండో స్విచ్ మీద కొత్త రూపంలో విడుదలైనప్పటి నుంచి, కాగితపు బొమ్మలాంటి మారియోతో ఆడే పేపర్ మారియో వీడియో గేముల వరుసలోకి తొలిసారి అడుగుపెడుతున్న పాఠకులు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. సుత్తిని దశలవారీగా మెరుగుపరుచుకుంటూ ఆడే ఆనందం ఏ గేములో ఎక్కువ అన్నదే ఆ ప్రశ్న. వరుసలోని ఆరు ప్రధాన గేములలోనూ సుత్తి ఏదో ఒక రూపంలో ఉంది. అయితే అసలు పోటీ 2000లో నింటెండో 64 మీద వచ్చిన మొదటి గేముకూ, 2004లో గేమ్‌క్యూబ్ మీద వచ్చిన ‘థౌజండ్ ఇయర్ డోర్’కూ మధ్యనే ఉందని నా అభిప్రాయం. సాధారణ సుత్తి, సూపర్ హ్యామర్, అల్ట్రా హ్యామర్ అనే మూడు మెట్లు ఉన్నవి ఆ రెండే.

ఈ పోలికలో చాలామంది ముందుగా చూసేది దెబ్బ బలాన్ని. ‘థౌజండ్ ఇయర్ డోర్’లో యాక్షన్ కమాండ్ (దాడి చేసేటప్పుడు సమయానికి బటన్ లేదా స్టిక్ వాడడం) సరిగ్గా కుదిరితే మూడు సుత్తులూ వరుసగా 2, 4, 6 పాయింట్ల నష్టం కలిగిస్తాయి. మారియో రెండో ఆయుధమైన జంప్ రెండుసార్లు తగులుతుంది, ఒక్కో తాకుడుకు బూట్ల స్థాయిని బట్టి 1, 2, 3 పాయింట్లు. మొత్తం మీద రెండూ సమానమే. తేడా వచ్చేది శత్రువుకు రక్షణ ఉన్నప్పుడు. రక్షణ విలువను ప్రతి తాకుడు నుంచీ విడిగా తీసివేస్తారు కాబట్టి, రక్షణ 2 ఉన్న శత్రువు మీద అల్ట్రా బూట్ల జంప్ 1, 1 కలిపి 2 పాయింట్లే తీయగా, అల్ట్రా హ్యామర్ ఒక్క దెబ్బకే 4 తీస్తుంది. ఇంతవరకు చదివినవారు సుత్తే మేలని తేల్చేస్తారు. కానీ ఆట సగం దాటాక పవర్ ప్లస్ బ్యాడ్జీలు (పెట్టుకుంటే అదనపు బలమిచ్చేవి) చేతికి వస్తాయి. అవి ఒక్కో తాకుడుకు 1 పాయింటు కలుపుతాయి గనుక, రెండుసార్లు తగిలే జంప్‌కు లాభం రెట్టింపు. రక్షణ లేని శత్రువు మీద ఒక పవర్ ప్లస్‌తో అల్ట్రా జంప్ 8కి చేరితే, సుత్తి 7 దగ్గర ఉంటుంది. రెండు పెట్టుకుంటే 10కి 8. రక్షణ 2 ఉన్నవారి మీద కూడా అప్పటికి రెండూ 6 దగ్గర సమానమైపోతాయి. నేల మీద ఉన్న మొదటి శత్రువును మాత్రమే కొట్టగలగడం, ఎగిరేవాటిని అందుకోలేకపోవడం అనే పరిమితులు సుత్తికి ఎలాగూ ఉన్నాయి. హ్యామర్ త్రో, క్వేక్ హ్యామర్ వంటి బ్యాడ్జీలు వాటిని కొంత సరిదిద్దినా, ప్రతిసారీ ప్రత్యేక దాడులకు వాడే ఫ్లవర్ పాయింట్లు ఖర్చవుతాయి. అందువల్ల అంకెలను చూసి సుత్తిని ఎంచుకున్నవారు ఆట చివరికి వచ్చేసరికి ఎక్కువగా జంప్ మీదే ఆధారపడతారు.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసిన అంశం వేరు. కొత్త సుత్తి చేతికి వచ్చిన మరుక్షణం, ఇంతకుముందు చూసి వదిలేసిన ఏ చోటు గుర్తుకు వస్తోంది? దారి మూసిన బ్లాకును మొదటిసారి చూసినప్పుడు ఆటగాడికి అది అడ్డంకి. సరైన సుత్తి దొరికాక అదే బ్లాకు కోసం నాలుగు తెరలు వెనక్కి నడిచివెళ్తాడు. ఈ రెండింటి మధ్య ఎంత కాలం గడిచింది, అడ్డంకి ఎంత స్పష్టంగా మనసులో నిలిచింది అన్నదాన్ని బట్టే అప్‌గ్రేడ్ రుచి ఉంటుంది. శత్రువు రెండు దెబ్బలకు బదులు ఒక దెబ్బకే పడిపోవడం ఆ సంతోషానికి సాటి రాదు.

ఈ లెక్కన మొదటి గేము చేసిన మంచి పని, సుత్తిని ముందే చేతికి ఇవ్వకపోవడం. పీచ్ కోట నుంచి కింద పడి గూంబా గ్రామంలో కళ్లు తెరిచిన మారియో వట్టి చేతులతో ఉంటాడు. ఊరి పెద్ద గూంపాతో పాటు వసారా విరిగి కింద పడ్డాక, అక్కడ వెతికితేనే మొదటి సుత్తి దొరుకుతుంది. ఆ తర్వాత లెక్క చాలా శుభ్రం. మొదటి సుత్తి పసుపు బ్లాకులను పగలగొడుతుంది, సూపర్ హ్యామర్ రాతి బ్లాకులను, అల్ట్రా హ్యామర్ లోహపు బ్లాకులను. తెర మీద బ్లాకు కనిపించగానే అది ఏ సుత్తికి లొంగుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. సూపర్ హ్యామర్ రెండో అధ్యాయంలో డ్రై డ్రై ఎడారిలోని శిథిలాలలో దొరుకుతుంది, ఆ శిథిలాల లోపలే దానితో పని పడుతుంది. వాడకం అక్కడ నేర్చుకున్నాక, టోడ్ టౌన్ కింది సొరంగాలు గుర్తుకు వస్తాయి. ఊరు ఆటకు నడిబొడ్డున ఉంటుంది, ప్రతి అధ్యాయం తర్వాతా అక్కడికి రాక తప్పదు. కాబట్టి వెనక్కి నడవడం శిక్షగా అనిపించదు.

లోపం లేదని కాదు. అల్ట్రా హ్యామర్ ఐదో అధ్యాయంలో, లావాలావా అగ్నిపర్వతంలోనే దొరికేస్తుంది. ఎనిమిది అధ్యాయాల ఆటలో సుత్తి ఎదుగుదల సగం దాటగానే పూర్తవుతుంది. చివరి మెట్టును ఇంకో రెండు అధ్యాయాల వరకు దాచి ఉంచితే బాగుండేది.

‘థౌజండ్ ఇయర్ డోర్’లో మారియో మొదటి నుంచీ బూట్లతో, సుత్తితో వస్తాడు. మొదటి సుత్తి దొరికిన సంబరం ఇక్కడ లేదు. దానికి బదులుగా సూపర్ హ్యామర్ ఒక కొత్త కదలికను ఇస్తుంది. మూడో అధ్యాయంలో గ్లిట్జ్ పిట్ కుస్తీ అరీనాలో మారియో ‘గ్రేట్ గొంజాలెస్’ పేరుతో పోటీపడుతున్న రోజుల్లో ఇది చేతికి వస్తుంది. స్టిక్‌ను గుండ్రంగా తిప్పుతూ ఉంటే కాగితపు మారియో నడుము దగ్గర నుంచి తడి బట్టను పిండినట్టు మెలి తిరుగుతాడు. వదలగానే ఆ మెలిక విడిపోతూ సుత్తి చుట్టూ తిరిగి పెద్ద పసుపు బ్లాకును పొడి చేస్తుంది. మారియో కాగితంతో చేసినవాడన్న సంగతి సుత్తి వాడకంలోకి కూడా రావడం మొదటి గేములో లేని చమత్కారం, దానికి పూర్తి మార్కులు వేయవలసిందే. పెద్ద రాతి బ్లాకులు అల్ట్రా హ్యామర్ వచ్చేదాకా ఆగుతాయి. రోగ్‌పోర్ట్ ఊరి కింది మురుగుకాలువలలో ఇటువంటి అడ్డంకులు మొదటి నుంచీ కనిపిస్తూ ఊరిస్తుంటాయి.

ఈ గేము మీద పాత ఫిర్యాదు ఒకటుంది. వెళ్లిన దారినే మళ్లీ మళ్లీ నడిపిస్తుందన్నది నిజమే. 2024 రూపంలో మురుగుకాలువల కింద వివిధ అధ్యాయాల చోట్లకు తీసుకెళ్లే పైపుల గది చేర్చడంతో ఆ శ్రమ బాగా తగ్గింది. మిగిలిపోయిన బ్లాకుల కోసం తిరగాలనుకునేవారు పాత డిస్కు కంటే కొత్తదాన్నే తీసుకోవడం మంచిది.

తర్వాతి గేముల గురించి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. 2007 నాటి ‘సూపర్ పేపర్ మారియో’లో సుత్తి కడ్జ్ అనే ఒక పిక్సల్ (మారియోకు తోడుండే చిన్న పాత్ర) మాత్రమే, దానికి మెట్లు లేవు. 2012లో 3డీఎస్ మీద వచ్చిన ‘స్టికర్ స్టార్’లో యుద్ధంలో కొట్టే సుత్తి ఒక స్టికర్. వాడగానే అయిపోతుంది. అరిగిపోయినవీ, మెరిసేవీ, ఇంకా ఎక్కువ మెరిసేవీ అంటూ రకాలున్నా, మనది అనుకోదగ్గ సుత్తి అందులో ఏదీ మిగలదు. 2016 నాటి ‘కలర్ స్ప్లాష్’లో శత్రువులు రాల్చే సుత్తి ముక్కలను పోగుచేస్తే రంగు నిల్వ పెరుగుతుంది. ఎదుగుదల ఉన్న మాట నిజమే గాని అది ట్యాంకు సామర్థ్యానికి సంబంధించినది, దారులకు కాదు.

2020లో వచ్చిన ‘ద ఓరిగామి కింగ్’ను మాత్రం ఇంకో రెండు మాటలతో పరిశీలించాలి. చక్రాలు తిప్పి శత్రువులను రెండేసి వరుసలుగా చతురస్రంలో నిలబెడితే సుత్తి ఒక్క దెబ్బకు నలుగురి మీదా పడుతుంది. లెక్క కుదిరినప్పుడు ఇది హాయిగా ఉంటుంది. కానీ షైనీ, ఫ్లాషీ, లెజెండరీ సుత్తులు వాడినకొద్దీ విరిగిపోతాయి, మళ్లీ కొనాలి. ఆ దెబ్బతో అప్‌గ్రేడ్ కాస్తా దుకాణం పద్దు అయిపోయింది. నాకు ఇందులో నచ్చింది యుద్ధం బయటి సుత్తి. పేపర్ మాచో గూంబా వంటి పెద్ద అట్టబొమ్మల వెనక్కి చేరి, వీపు మీద అతికించిన చోట కొట్టవలసి వచ్చినప్పుడు ఏ మెట్టూ, ఏ బ్యాడ్జీ అక్కరకు రావు. సమయం చూసి కొట్టడమే.

కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టేవారికి నా సలహా ఇది. నింటెండో స్విచ్ ఆన్‌లైన్‌లో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ చందా ఉంటే మొదటి గేము 2021 డిసెంబరు నుంచి అందులో దొరుకుతోంది, ముందుగా దాన్నే ఆడండి. సుత్తి వల్ల లోకం ఎలా తెరుచుకుంటుందో అది చూపినంత సూటిగా రెండోది చూపదు. చందా లేకపోయినా, పాత బొమ్మలూ నెమ్మది నడకా నచ్చకపోయినా, కొత్త ‘థౌజండ్ ఇయర్ డోర్’తో మొదలుపెట్టడంలో నష్టం లేదు. అక్కడ సుత్తి మీదే ఆధారపడి ఆడాలనుకుంటే హ్యామర్‌మ్యాన్ బ్యాడ్జ్ ఉంది. సుత్తి బలాన్ని 1 పెంచి, యుద్ధంలో జంప్‌ను పూర్తిగా తీసివేస్తుంది. ఎగిరే శత్రువుల కోసం దాని పక్కన హ్యామర్ త్రోను తప్పకుండా పెట్టుకోండి.