అబార్షన్ చట్టం ఎవరు రాస్తే మేలు: వాషింగ్టనా, రాష్ట్రమా, ఓటరా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, డాలస్ చుట్టుపక్కల మన ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "అక్కా, అబార్షన్ విషయంలో ఎవరు చెప్పేది నయం?" అబార్షన్‌ను దేశమంతటా హక్కుగా నిలబెట్టిన 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసినప్పటి నుంచి ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెబుతూనే ఉన్నాను. ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను. తీర్పు కథ మీకు తెలిసిందే. నిర్ణయం చట్టసభల చేతికి వచ్చాక, ఆ చట్టం ఎక్కడ రాయాలి, దాన్ని ఎంత ముందు వరసలో పెట్టాలి అన్నదే ఇప్పటి గొడవ. రెండు పార్టీల మధ్యే కాదు, ఒకే పార్టీ లోపల కూడా.

ముందు మన భాషలోని ఒక సంగతి. కడుపు దానంతటది పోతే "అబార్షన్ అయింది" అంటాం. తీయించుకుంటే "అబార్షన్ చేయించుకుంది" అంటాం. మాట ఒకటే, క్రియ మారుతుంది. ఆస్పత్రి గదిలోనూ చాలావరకు అంతే. అవే మందులు, గర్భసంచి శుభ్రం చేసే అదే డి అండ్ సి, అదే డాక్టరు. కానీ "అయింది"కీ "చేయించుకుంది"కీ మధ్యలో ఇరుక్కునే వాళ్లు ఉంటారు. ఇంకా అవలేదు, కానీ బిడ్డ దక్కదని తెలిసిపోయింది. ఆ గంటల్లో డాక్టరుకి చట్టం ఏం చెబుతోంది? నా వరకు ఏది మేలో తేల్చేది అదే. ఆరు వారాలా, పదిహేనా, ఇరవై నాలుగా అన్న లెక్క తర్వాతి మాట.

ఎందుకంటే ఆ గంటలు నేను చూశాను. 2022 అక్టోబరులో మా పిన్ని కూతురికి పద్దెనిమిదో వారంలో ఉమ్మనీరు పోయింది. బిడ్డ బతికే ఆశ దాదాపు లేదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. కానీ గుండె కొట్టుకుంటోంది. ఆవిడ చాలా మంచి మనిషి. మా చెల్లి చెయ్యి పట్టుకునే మాట్లాడింది. "నేను లీగల్ వాళ్లతో మాట్లాడి వస్తాను" అని వెళ్లి, గంటన్నర తర్వాత వచ్చి, ఇంటికెళ్లి కనిపెట్టుకుని ఉండమంది. జ్వరం 100.4 దాటినా, రక్తం ఎక్కువైనా వెంటనే రమ్మని కాగితం చేతిలో పెట్టింది. రెండు రోజులు నాలుగు గంటలకోసారి థర్మామీటర్ పెట్టాను. ఖమ్మంలో నర్సుగా రిటైరైన వాళ్ల అత్తగారు వీడియో కాల్‌లో ఒకటే అడుగుతోంది, "ఏమ్మా, ఇంకా క్లీన్ చేయలేదా? ఇన్ఫెక్షన్ వస్తే ఎవరిది బాధ్యత?" "గుండె కొట్టుకుంటోందంట అత్తయ్యా, ఇప్పుడు ముట్టుకోరంట" అని మా చెల్లే నీరసంగా చెప్పింది. మూడో రాత్రి ఒళ్లంతా వణుకు. అంకె 102. ఆస్పత్రికి వెళ్లిన ఇరవై నిమిషాల్లో అంతా కదిలింది. మా చెల్లి బతికింది. కానీ వాళ్లు కదలడానికి ఆ జ్వరం కావాల్సి వచ్చింది.

ఇక పోల్చుకుందాం.

మొదటిది, రాష్ట్రాలకే వదిలేయడం. ఇప్పుడు నడుస్తున్నది ఇదే. 2024 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రకటించిందీ ఇదే. రిపబ్లికన్లలో దేశవ్యాప్త నిషేధం కావాలనే వాళ్లకి అది నచ్చలేదు, కానీ పార్టీ ఆ దారినే పట్టింది. దీని వెనక వాదనలో బలం ఉంది. కాలిఫోర్నియా మనసూ టెక్సాస్ మనసూ ఒకటి కాదు, ఎవరి చట్టం వాళ్లు రాసుకోవాలి అనడం అన్యాయమేమీ కాదు. చిక్కంతా ఆ రాతలో ఉంది. టెక్సాస్‌లో అబార్షన్ చేసిన డాక్టరుకి యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు పోతుంది. తల్లి ప్రాణానికి ముప్పుంటే మినహాయింపు ఉంది. అయితే ఆ ముప్పును డాక్టరు మనస్ఫూర్తిగా నమ్మితే సరిపోదు. ఆ నమ్మకం "సహేతుకమైన వైద్య నిర్ణయం" అన్న కొలతకి తూగాలి. 2023 డిసెంబరులో కేట్ కాక్స్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కడుపులో బిడ్డకి ట్రైసోమీ 18 అనే తీవ్రమైన జన్యు లోపం, ఆవిడకి అప్పటికే రెండు సిజేరియన్లు. ఆవిడ డాక్టరు సద్భావంతో నమ్ముతున్నానని కోర్టుకి చెప్పింది. ఆ మాట చాలదని కోర్టు అంది. కాక్స్ రాష్ట్రం దాటి వెళ్లాల్సి వచ్చింది.

"సద్భావంతో" అన్న ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఇండియాలో అబార్షన్‌కి సంబంధించిన 1971 నాటి ఎంటీపీ చట్టం ఇదే మాట మీద నిలబడింది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే తీసేయాలని డాక్టరు సద్భావంతో అనుకుంటే వారాల పరిమితి అడ్డురాదు. సద్భావంతో చేసిన పనికి డాక్టరు మీద కేసు నిలవదని కూడా అందులోనే రాశారు. ఖమ్మం అత్తగారికి ఆశ్చర్యం కలిగింది అందుకే. ఆవిడ ఉద్యోగ జీవితమంతా ఆ చట్టం కిందే గడిచింది. అలాగని మన చట్టం గొప్పదని చెప్పడం లేదు. అక్కడ ఆడమనిషి అడిగితే చాలదు, డాక్టరు ఒప్పుకోవాలి. 2021 సవరణ తర్వాత కూడా 24 వారాలు దాటి బిడ్డకి పెద్ద లోపం ఉందని తేలితే మెడికల్ బోర్డు చుట్టూ తిరగాలి, చాలామంది కోర్టుకెక్కాల్సి వస్తోంది. కానీ అర్ధరాత్రి ఎమర్జెన్సీలో డాక్టరు లాయరుకి ఫోన్ చేయాల్సిన పని లేకుండా రాసిన చట్టం అది. టెక్సాస్‌ది అలా రాయలేదు.

టెక్సాస్ దిద్దుకోలేదని అనను. 2023లో ఉమ్మనీరు ముందే పోయిన కేసుల్లో డాక్టర్లకి కొంత రక్షణ ఇచ్చారు. మా చెల్లికి ఏడాది ఆలస్యంగా. 2025లో ఇంకో చట్టం చేశారు. ప్రమాదం ముంచుకొచ్చేదాకా ఆగక్కర్లేదని అందులో స్పష్టంగా రాశారు. దాన్ని రాష్ట్ర సెనేట్‌లో పెట్టింది రిపబ్లికన్ బ్రయాన్ హ్యూస్. 2021లో ఆరు వారాల నిషేధం తెచ్చి, ఎవరైనా పౌరుడు కేసు వేసి పదివేల డాలర్లు రాబట్టుకోవచ్చని రాసిన చట్టం కూడా ఆయనదే. రెండు పార్టీలూ కలిసి ఈ 2025 చట్టాన్ని నెగ్గించాయి. సంతోషమే. కానీ అత్యాచారానికి గానీ, బిడ్డ బతకదని తేలిన కేసులకి గానీ ఇప్పటికీ మినహాయింపు లేదు. తల్లి ప్రాణం గురించిన వాక్యాన్ని నిషేధంతో పాటే సరిగ్గా రాసి ఉండాల్సింది. దానికి నాలుగేళ్లు పట్టింది.

రెండోది, దేశమంతటికీ 15 వారాల హద్దు. 2022 సెప్టెంబరులో రిపబ్లికన్ సెనేటర్ లిండ్సీ గ్రాహమ్ బిల్లు పెట్టారు. సొంత పార్టీ నాయకుడు మెక్‌కానెలే ఉత్సాహం చూపలేదు, మావాళ్లలో ఎక్కువమంది రాష్ట్రాలకే వదిలేద్దామంటున్నారు అన్నారు. వినడానికి ఇది మధ్యేమార్గంలా ఉంటుంది. మన గ్రూపులో కూడా చాలామంది "పదిహేను వారాలంటే సరిపోతుంది కదా" అంటారు. రెండు విషయాలు చూడండి. ఒకటి, అంతకంటే కఠినమైన రాష్ట్ర చట్టాల జోలికి ఆ బిల్లు వెళ్లలేదు. అంటే టెక్సాస్‌లో ఒక్క అక్షరం మారదు, న్యూజెర్సీలో మాత్రం మారుతుంది. రెండోది, మన ఊళ్లలో టిఫా స్కాన్ అంటాం చూడండి, బిడ్డ గుండె, వెన్ను, మెదడు అన్నీ చూసేది, అది జరిగేదే 18, 20 వారాల మధ్య. లోపం బయటపడేలోపే హద్దు దాటిపోతుంది. బిడ్డ లోపాలకి అందులో మినహాయింపు కూడా పెట్టలేదు. అత్యాచారం, తల్లి ప్రాణం వంటివి పెట్టారు. ఇది నాకు అస్సలు ఒప్పుదల కాలేదు.

మూడోది, డెమొక్రాట్ల మొదటి ప్రాధాన్యం, దేశమంతటికీ హక్కుగా రాయడం. ఆ బిల్లు 2021 సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని దిగువ సభ హౌస్‌లో 218–211తో నెగ్గింది. సెనేట్‌లో 2022 మేలో 49–51 దగ్గర ఆగిపోయింది. బిడ్డ బయట బతకగలిగే దశకి ముందు అడ్డు లేదు, ఆ తర్వాత తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ఉంటే డాక్టరు తన సద్భావంతో నిర్ణయిస్తుంది. నేను వెతికే మాట ఇందులో ఉంది. అబార్షన్ హక్కును సమర్థించే రిపబ్లికన్ సెనేటర్లు కాలిన్స్, మర్కౌస్కీ కూడా ఇది మరీ విస్తారంగా ఉందని వ్యతిరేకంగా ఓటేశారు. తర్వాత వాళ్లిద్దరూ డెమొక్రాట్ సెనేటర్లు టిమ్ కెయిన్, కిర్‌స్టెన్ సినెమాతో కలిసి పాత రో హద్దులతో ఇంకో బిల్లు తెచ్చారు. అసలు ప్రయత్నం అక్కడ పెట్టి ఉండాల్సిందని నా బాధ. సెనేట్‌లో 60 ఓట్లు లేనిదే ఈ రకం బిల్లు కదలదు. అంత బలం ఏ పార్టీకీ కనుచూపు మేరలో లేదు. కాబట్టి వాషింగ్టన్‌లో ఏ దారైనా ప్రస్తుతానికి ప్రచారంలో చెప్పుకునే మాటగానే మిగులుతోంది.

నాలుగోది, ఓటర్లే రాసుకోవడం. నా మొగ్గు ఇటే. 2022 ఆగస్టులో కాన్సస్‌లో 59 శాతం మంది హక్కును తీసేయొద్దన్నారు. అక్కడ రిపబ్లికన్లే ఎక్కువ. 2023 నవంబరులో ఒహాయో ఓటర్లు ఆ హక్కును తమ రాష్ట్ర రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ సవరణలో గర్భస్రావానికి వైద్యం, అబార్షన్, రెండిటినీ పేరు పెట్టి చేర్చారు. మన "అయింది", "చేయించుకుంది" రెండూ పక్కపక్కనే ఉన్నాయన్నమాట. 2024లో మిస్సోరీ, అదే రోజు ట్రంప్‌కి భారీ మెజారిటీ ఇస్తూనే, అబార్షన్ హక్కును నెగ్గించింది. డాక్టరు సద్భావంతో తీసుకునే నిర్ణయం అన్న మాట అందులోనూ ఉంది. పార్టీకి వేసే ఓటూ, ఈ విషయం మీద వేసే ఓటూ వేరని జనం ఇంతకంటే స్పష్టంగా ఎలా చెబుతారు? అన్నిచోట్లా ఒకే ఫలితం రాలేదు. అదే ఏడాది నెబ్రాస్కా ఓటర్లు పరిమితుల వైపే నిలిచారు. ఫ్లోరిడాలో హక్కు వైపు 57 శాతం వచ్చినా 60 కావాలన్న నియమం వల్ల ఓడింది. మిస్సోరీ సభ అయితే జనం నెగ్గించినదాన్ని తిరగదోడుతూ 2026 నవంబరు బ్యాలెట్ మీద మళ్లీ పెట్టింది. ఇదీ ఈ దారిలో ఉన్న టెన్షన్.

మాత్రలు పోస్టులో పంపడం మీద కేసులు, అబార్షన్ సామగ్రిని పోస్టులో పంపకూడదన్న 1873 నాటి కామ్‌స్టాక్ చట్టాన్ని బయటికి తీయాలన్న వాదన కూడా ఉన్నాయి. అవి కోర్టులు తేల్చే పనులు. మన ఓటుతో నేరుగా సంబంధం లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఆడపిల్లని తెలిస్తే తీయించేసే రోజులు చూసిన మా నాన్నగారి లాంటి పెద్దవాళ్లు "అసలు అబార్షన్ మాటే వద్దమ్మా" అంటారు. ఆ బాధ నిజమైనదే. దానికోసం ఇండియాలో 1994లో వేరే చట్టమే చేశారు. ఆ నేరాన్ని ఆపాలి. ఆ పేరుతో పద్దెనిమిదో వారంలో ఉమ్మనీరు పోయినామెని జ్వరం వచ్చేదాకా కూర్చోబెట్టకూడదు. ఈ మాట నేను నాన్నకీ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "దానికి ఇప్పుడెలా ఉంది?" అని మా చెల్లి గురించి అడిగారు.

టెక్సాస్‌లో జనం సంతకాలు పోగుచేసి బ్యాలెట్ మీద ప్రశ్న పెట్టే వీలే లేదు. నాకు మేలనిపించిన దారి మాకు మూసి ఉంది. మిగిలింది ఆస్టిన్‌లోని మా రాష్ట్ర చట్టసభ. అందుకే మా ఇంటి తలుపు కొట్టే ప్రచారకుల్ని, ఏ పార్టీ వాళ్లనైనా, నేను వారాల సంగతి అడగను. మీ అభ్యర్థి డాక్టరు సద్భావాన్ని చట్టంలో రాయిస్తారా అని అడుగుతాను. కొంతమంది నోట్ చేసుకుంటారు. ఒకావిడ మాత్రం తన కూతురి సంగతి చెప్పి, గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకుంది.

మా చెల్లికి ఇంకా ఓటు లేదు. వాళ్లాయన హెచ్ వన్, తను హెచ్ ఫోర్. గ్రీన్ కార్డు వరసలో ఎక్కడో ఉన్నారు. మళ్లీ ఇప్పుడు మూడో నెల.