అద్దె గ్రావెల్ సైకిల్‌పై మారేడుమిల్లి: టైర్లు భేష్, బ్రేకులు అబ్బే

రాజమండ్రిలో ఒక షాపులో గ్రావెల్ సైకిల్ (కంకర బాటల మీద కూడా తొక్కగలిగే వెడల్పు టైర్ల సైకిల్) రెండు రోజులకి అద్దెకి తీసుకుని రంపచోడవరం నుంచి మారేడుమిల్లి దాకా, అక్కడి నుంచి జలతరంగిణి జలపాతం వైపు తొక్కాను. 40 మిల్లీమీటర్ల టైర్లు, గాలి కాస్త తగ్గించి 35 పీఎస్‌ఐ పెట్టుకుంటే అడవిలో కంకర బాటల మీద కూడా చేతులు అదరలేదు, దానికి మాత్రం వంక పెట్టను.

బ్రేకులే దారుణం. ఘాట్ దిగుతుంటే వెనక డిస్క్ కీచుమనడం మొదలైంది, మలుపులో లివర్ హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా సైకిల్ ఆగదే! ముందు బ్రేకుతో ఎలాగో ఆపి చూస్తే ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఉత్త ఇనపరేకు మిగిలింది. "తొక్కే ముందు చూసుకోవాలి కదండీ" అన్నాడు షాపాయన. నిజమే, అద్దెకిచ్చేవాళ్లూ చూడాలిగా? బొంగు చికెన్ తిన్నాక కోపం కొంత తగ్గింది. రెండు స్టార్లు, రెండూ టైర్లకే.