మొదటి ఉక్కు హెల్మెట్ కొనాలంటే ఏది మేలు: జర్మన్, బ్రిటిష్, అమెరికన్?

రెండో ప్రపంచ యుద్ధకాలపు ఉక్కు హెల్మెట్లు సేకరిద్దామని దిగేవాళ్లలో చాలామంది చూపు ముందు జర్మన్ హెల్మెట్ మీదే పడుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. పక్కన గద్ద బొమ్మ ఉన్న ఎం40 (1940 నమూనా) ఒకటి దొరికితే ఎగిరి గంతేసి కొన్నాను. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే గద్ద రెక్కల నిండా సన్నటి రంగు చుక్కలు. ప్రింటర్ వేసే చుక్కలవి. షెల్ (ఉక్కు టోపీ భాగం) నిజంగా యుద్ధకాలానిదే, బొమ్మ మాత్రం నిన్నో మొన్నో అంటించింది. ఆ బొమ్మ కోసమే కదా అంత డబ్బు పోసింది!

జర్మన్ హెల్మెట్లతో ఉన్న చిక్కు ఇదే. ఉక్కుకి ఒక ధర, దాని మీద అంటించే పలచటి బొమ్మకి, అంటే డెకాల్‌కి అంతకు కొన్ని రెట్ల ధర. కాబట్టి నకిలీలు చేసేవాళ్లు ఉక్కు జోలికి పోరు, డెకాల్ మీద పడతారు. షెల్‌ని గుర్తుపట్టడం నిజానికి అంత కష్టం కాదు. గాలి రంధ్రంలో విడిగా బిగించిన చిన్న లోహపు గొట్టం కనిపిస్తే ఎం35. ఆ రంధ్రం అంచుని షెల్‌లోనే నొక్కి తీర్చి ఉంటే ఎం40. చుట్టూ అంచుని లోపలికి మడవకుండా బయటికి విప్పారినట్టు వదిలేసి ఉంటే ఎం42. తయారీలో ఒక్కో పనీ తగ్గించుకుంటూ పోయారన్నమాట. లోపల ఎడమ పక్కన తయారీదారు గుర్తు, సైజు కలిపి గుద్ది ఉంటాయి. ‘ఈటీ 64’ అని ఉంటే థాలే కర్మాగారంలో చేసిన 64 సైజు షెల్. క్యూ అక్షరం ఉంటే క్విస్ట్ కంపెనీ వాళ్లది.

డెకాల్‌కి మాత్రం చరిత్ర తెలిసుండాలి. కుడి పక్క మూడు రంగుల బొమ్మని తీసేయమని 1940లో ఆదేశాలొచ్చాయి, ఎడమ పక్క గద్దకి 1943లో ఆ గతే పట్టింది. ఎం42 వచ్చింది 1942లో; అందుకే రెండు పక్కలా బొమ్మలున్న ఆర్మీ ఎం42 ఎవరైనా చూపిస్తే విని ఊరుకోవడమే మంచిది, కొనొద్దు. పైగా ఆ గద్ద కాళ్ల కింద నాజీల స్వస్తిక ఉంటుంది. జర్మనీలో దాన్ని బహిరంగంగా ప్రదర్శించడం నేరం.

బ్రిటిష్ బ్రోడీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. జాన్ లియోపోల్డ్ బ్రోడీ 1915లో పేటెంట్ తీసుకున్న బోర్లించిన పళ్లెం ఆకారం అది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన మార్క్ 2 కూడా అచ్చం అలాగే ఉంటుంది. తేడా లోపల, తలకి తగిలే అస్తరులో (లైనర్) ఉంది: మార్క్ 2 లైనర్‌ని నడినెత్తిన ఒకే ఒక స్క్రూ పట్టి ఉంచుతుంది. దీంట్లో నాకు నచ్చేదేమిటంటే, తన పుట్టిన తేదీ తనే చెబుతుంది. అంచు కింది వైపు టార్చి వేసి చూస్తే తయారీదారు గుర్తు, సంవత్సరం కనిపిస్తాయి. లైనర్ మీద ఇంకో సంవత్సరం ఉన్నా కంగారుపడక్కర్లేదు, లైనర్లు మారుస్తూనే ఉండేవారు. అంచు మీద చిన్న రంధ్రాలు వరసగా కనిపిస్తే, అది యుద్ధరంగానికి పనికిరాదని తేల్చి పౌర రక్షణ సిబ్బందికి ఇచ్చిన హెల్మెట్ అయ్యే అవకాశం ఎక్కువ. కొందరు దాన్ని లోపమంటారు. నాకు మాత్రం బాంబుల రాత్రుల్లో వీధులు కాసిన మనిషి తల గుర్తొస్తుంది.

బ్రోడీతో సమస్య ఒక్కటే: నాలుగు కొన్నాక ఐదోది కొనాలనిపించదు. అన్నీ ఒకేలా ఉంటాయి.

ఇక అమెరికన్ ఎం1. నా ఓటు దీనికే. 1941లో ఆమోదం పొంది, యుద్ధం ముగిసేలోపు 2 కోట్లకు పైగా తయారయింది కాబట్టి వస్తువు దొరకదన్న బెంగ లేదు. పైన ఉక్కు షెల్, లోపల విడిగా ఊడి వచ్చే లైనర్. షెల్‌ని వెల్లకిలా తిప్పి మూడు చోట్ల చూస్తే చాలు, కథ సగం తెలిసిపోతుంది.

మొదటిది గడ్డం పట్టీని పట్టి ఉంచే లోహపు లూపులు. మొదట్లో వాటిని కదలకుండా వెల్డ్ చేశారు. అవి తరచూ విరిగిపోతుంటే 1943లో అటూ ఇటూ కదిలే రకానికి మారారు. రెండోది అంచు చుట్టూ ఉన్న పట్టీ అతుకు. అది నుదుటి వైపు ఉంటే తొలి రకం, వెనక్కి ఉంటే 1944 చివరి నుంచి చేసింది. మూడోది లోపల ముందు వైపు గుద్దిన చిన్న అంకెలూ అక్షరమూ. దాంతోపాటు ఎస్ అనే అక్షరం ఉంటే ష్లూటర్ కంపెనీది, మిగతావాటిలో అత్యధికం మెకార్డ్‌వి.

ముందు అతుకు, కదలని లూపు కలిసి కనిపిస్తే మీ చేతిలో ఉన్నది యుద్ధం తొలినాళ్ల షెల్. అయితే అతుకు వెనకున్న ప్రతిదీ యుద్ధకాలానిది అనుకోకండి. యుద్ధం తర్వాత కూడా అదే నమూనా నడిచింది, యూరప్ దేశాలు కొన్ని సొంతంగా చేసుకున్నాయి కూడా. ఇక్కడ జేబులో ఓ అయస్కాంతం ఉంటే పనికొస్తుంది. ఎం1లు, చాలావరకు బ్రోడీలు కూడా మాంగనీస్ ఎక్కువగా ఉండే హ్యాడ్‌ఫీల్డ్ ఉక్కుతో చేసినవి, షెల్‌కి అయస్కాంతం అంటుకోదు. ఎం1 అని అమ్ముతున్నదానికి టక్కున అతుక్కుంటే అనుమానించండి. జర్మన్ వాటికి మాత్రం అంటుకుంటుంది, అక్కడ ఈ పరీక్ష ఏమీ తేల్చదు.

ఎం1లో మోసం లేదని కాదు. పారాట్రూపర్ రకం పేరుతో మామూలు షెల్‌కి డి ఆకారపు లూపులు వెల్డ్ చేసి అమ్ముతుంటారు. మొదటిసారి కొనేవాళ్లు ఆ రకం జోలికే వెళ్లకపోవడం మేలు. గడ్డం పట్టీ కొత్తదేమో తేల్చుకోవాలంటే చీకట్లో అల్ట్రావయొలెట్ లైట్ వేయండి. కుట్టు దారం తెల్లగా మెరిసిందంటే అది ఆ కాలపు దారం కాకపోవచ్చు.

జర్మన్‌దే కావాలని మనసు పీకుతుంటే డెకాల్ లేని ఎం42 కొనండి. ఎవరూ అంతగా పట్టించుకోరు కనుక మోసం తక్కువ. ఎం1 కొన్నాక అంచు దగ్గర సన్నటి పగులు కనిపిస్తే మాత్రం తిరిగి ఇచ్చేయకండి. ఆ ఉక్కుని లోతుగా నొక్కి చేశారు కాబట్టి అలాంటి పగుళ్లు చాలా అసలు షెల్స్‌లో ఉంటాయి. నా దగ్గరున్న వాటిలో బాగా నచ్చిన దానికీ ఒకటుంది, ఎడమ చెవి పైన, గోరంత పొడవున.