వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ పెద్ద బండికి అడ్వాన్స్ కడుతున్నారా? ముందు చీటీలో ఏం రాశారో చూడండి

ఇంకా కోపం దిగలేదు, కాబట్టి రాతలో అటూ ఇటూ అయితే సర్దుకోండి. షాపు పేరు రాయను, లేనిపోని గొడవ. మన ఊళ్ళో పాత సూపర్‌బైక్‌ల కోసం తిరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

విషయం క్లుప్తంగా. ట్రయంఫ్ కంపెనీ బైక్ స్ట్రీట్ ట్రిపుల్ ఆర్‌ఎస్ కోసం చాన్నాళ్ళుగా చూస్తున్నాను. కొత్తది మన వల్ల కాదు. వీళ్ళ దగ్గరికి 2020 మోడల్ ఒకటి వచ్చింది, సింగిల్ ఓనర్, లోకల్ బండి. దాని పక్కనే కవాసాకి జడ్900 కూడా ఉంది. రెండూ చూశాను, ట్రిపుల్ ఖాయం చేసుకుని యాభై వేలు అడ్వాన్స్ కట్టాను, మిగతాది లోను శాంక్షన్ అయ్యాక ఇస్తానన్నాను. సరేనన్నారు. టీ తెప్పించారు. చీటీ ఇచ్చారు. అంతవరకూ అందరూ దేవుళ్ళే.

లోను వచ్చింది. ఫోన్ చేస్తే "బండి రెడీ సార్, వచ్చేయండి" అన్నారు. బావమరిదిని వెంటేసుకుని వెళ్ళాను. షాపు ముందు జడ్900 నిలబెట్టి ఉంది. అప్పుడే కడిగినట్టున్నారు, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ట్యాంకు మీద బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. ఇంకెవరిదో డెలివరీ అనుకుని లోపలికి వెళ్ళి "మన బండి ఏదండీ" అని అడిగాను.

"బయట చూడలేదా సార్? అదే."

"నేను డబ్బులు కట్టింది ట్రయంఫ్‌కి కదండీ."

"దానికి పార్టీ ఫుల్ క్యాష్‌తో వచ్చారు సార్, ఇచ్చేశాం. దీనికేటి తక్కువ? పవర్ అదీ నూట పాతికే, ఇదీ నూట పాతికే. పైగా ఇది తొమ్మిది వందల సీసీ. లాభం మీకే."

నేను గట్టిగా అడిగేసరికి, కౌంటర్ దగ్గరున్నాయన చీటీ ఏదీ చూపించమన్నాడు. ఇచ్చాను. కౌంటర్ అద్దం మీద పరిచి, పెన్ను క్యాపుతో ఒక్కో లైనూ తడుతూ చదివాడు. నా పేరు. యాభై వేలు. దాని కింద వాళ్ళ కుర్రాడి చేతిరాతతో "నేకెడ్ బైక్ - 1". నేకెడ్ అంటే ముందు ప్లాస్టిక్ తొడుగు లేని బైక్, ఈ రెండు బండ్లూ ఆ రకమే. అంతే. కంపెనీ పేరు లేదు, బండి నంబరు లేదు, ఛాసిస్ నంబరు లేదు. అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో "అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు". మొత్తం చదివి, చీటీ నా వైపు తిప్పి, "ఇందులో ట్రయంఫ్ అని ఎక్కడుంది సార్? నేకెడ్ బైక్ అన్నాం, నేకెడ్ బైక్ ఇస్తున్నాం" అన్నాడు. పక్కనున్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు.

అక్కడితో ఆగినా సరిపోయేది. "లోను మీద కొనేవాళ్ళకి ఇన్ని సెలక్షన్లు ఎందుకు సార్" అని కూడా అన్నాడు. మా బావమరిది ముందు. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళింట్లో నాకున్న కాస్త పరువూ ఆ అద్దం మీద పెట్టి తుడిచేశాడు. కరెంటు బిల్లు కూడా రెండుసార్లు చూసి కట్టే మహానుభావుణ్ణి, యాభై వేల చీటీని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను చూడండి, దానికి నాకే సన్మానం చేయాలి.

సరే, ఆ "రెండూ ఒకటే" సంగతి చూద్దాం, ఎందుకంటే రేపు మీకూ ఇదే పాట పాడతారు. హార్బర్‌లో వంజరానికి డబ్బులు తీసుకుని, సంచిలో కానాగంతలు వేసి, రెండూ కిలోయే కదా అంటే ఒప్పుకుంటామా? కాగితం మీద ఆ 2020 ఆర్‌ఎస్ పవర్ 123 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), జడ్900ది 125. నిజమే, దగ్గర దగ్గరే. కానీ ట్రిపుల్ ఆ పవర్ ఇచ్చేది 11,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర, జడ్900 అయితే 9,500 దగ్గరే. టార్క్, అంటే లాగే బలం, చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది: దానికి 79 ఎన్‌ఎం, దీనికి 98.6. ఒకటి 765 సీసీ, మూడు సిలిండర్లు, పైకి తిప్పేకొద్దీ ఊపందుకునే ఇంజిన్. రెండోది 948 సీసీ, నాలుగు సిలిండర్లు, ఏ గేరులో ఉన్నా కిందనుంచే లాగేస్తుంది. రెండూ నడిపినవాడెవడూ ఒకటే అనడు.

జడ్900 చెత్త బండి అని నేను అనను, దాని అభిమానులు నా మీద పడకండి. శ్రీకాకుళం వైపు హైవే మీద పొద్దున్నే బయల్దేరి, టాప్ గేరులో పెట్టి వదిలేస్తే అంత హాయి ట్రిపుల్‌లో రాదు. సీటు ఎత్తు కూడా తక్కువ, మనలాంటి మామూలు ఎత్తువాళ్ళకి కాళ్ళు బాగా ఆనతాయి. కానీ నాకు కావాల్సింది అది కాదు. నాది ఆదివారం అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు, లేకపోతే సింహాచలం కొండ, మరీ బద్ధకమైతే భీమిలి దాకా బీచ్ రోడ్డు. ఘాట్‌లో మలుపు మలుపుకీ బండిని ఇటు పడేసి అటు లేపాలి. అక్కడ రెండు వందల కిలోలు దాటిన జడ్900 కంటే ఆర్‌ఎస్ ఎంత తేలికో రెండో మలుపుకే తెలుస్తుంది. పైగా దానికి ముందు బ్రెంబో ఎం50 బ్రేకులు, వెనక ఓలిన్స్ షాక్, క్లచ్ పట్టకుండా పైకీ కిందికీ గేర్లు మార్చే క్విక్‌షిఫ్టర్, అన్నీ కంపెనీ నుంచే వస్తాయి. 2019 నుంచి మోటో2 (మోటోజీపీకి కింది తరగతి) రేసుల్లో ట్రయంఫ్ ఇస్తున్న 765 ఇంజిన్ కూడా ఈ కుటుంబానిదే. నేనేదో రేసర్నని కాదు, గాజువాక ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరులో ఉడికే జాతే నాది. కానీ డబ్బు నాది, మోజు నాది, బండి ఏదో చెప్పాల్సింది నేను.

ఇప్పుడు అసలు కామెడీ. ఎలాగూ వచ్చాం కదా అని మా బావమరిది ఆ జడ్900 చుట్టూ ఓసారి తిరిగాడు. వాడు మాట్లాడడు గానీ బండి బాగా చూస్తాడు. ముందు ఇంజిన్ మీద చెయ్యి దగ్గర పెట్టి చూశాడు, వేడిగా ఉంది. అంటే మేం వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే వచ్చే చప్పుళ్ళు, పొగ మనకి తెలియకూడదన్నమాట. తర్వాత వెనక టైరు దగ్గర కూర్చుని పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ చూపించాడు: 3122. అంటే 2022లో 31వ వారం తయారైన టైరు. బండేమో 2018ది. సరే, మొదటి టైరు అరిగితే మార్చారు, తప్పేం లేదు. కానీ ఈ రెండోది కూడా గాడిలో ఉండే అరుగుదల గుర్తుల దాకా వచ్చేసింది. మీటరులో మాత్రం తొమ్మిది వేల కిలోమీటర్లు! తొమ్మిది వేలకే రెండు వెనక టైర్లు తినేసిందంటే ఆ ఓనరు రోజూ నిప్పుల మీద నడిపాడా, లేక మీటరు వెనక్కి తిప్పారా?

హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పితే ఫ్రేమ్‌కి తగిలే స్టాపర్ ఉంటుంది చూడండి, అక్కడ పెయింట్ ఊడి లోహం నొక్కుకుపోయి ఉంది. ఊరికే పక్కకి ఒరిగిన బండికి మామూలుగా అలా అవదు, ఎక్కడో గట్టిగా గుద్దుకుని ఉండాలి. "చిన్న స్క్రాచ్ సార్, పార్కింగ్‌లో" అన్నాడు.

"టైరు జారకుండా ట్రాక్షన్ కంట్రోల్, రైడింగ్ మోడ్స్, అన్నీ ఉన్నాయి సార్ దీంట్లో" అని కూడా అన్నాడు ధైర్యంగా. జడ్900కి అవి వచ్చింది 2020లో, బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) మోడల్‌తో. కలర్ టీఎఫ్‌టీ మీటరు కూడా అప్పుడే. వీడు చూపిస్తున్నదానికి పాత ఎల్‌సీడీ మీటరు. "మోడ్ ఎక్కడ మార్చాలో చూపించండి" అంటే ట్రిప్ మీటరు బటన్ నొక్కాడు. పైగా తెలంగాణ నంబరు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్, అవన్నీ "మీరు చూసుకోవాలి సార్". లాభం నాకే మరి.

అడ్వాన్స్ వెనక్కి ఇమ్మన్నాను. ఇవ్వడం కుదరదు, కావాలంటే ఆ యాభై వేలకి హెల్మెట్, రైడింగ్ జాకెట్ తీసుకోండి, సర్దేద్దాం అన్నాడు. బండి లేకుండా జాకెట్ వేసుకుని ఆర్కే బీచ్‌లో మురీమిక్చర్ తినమంటాడు కాబోలు.

మా అదృష్టం, బ్యాంకు ఫైలు చేతిలోనే ఉంది. లోను కోసం వీళ్ళే ఇచ్చిన కొటేషన్ అందులో ఉంది. షాపు స్టాంపు, తేదీ, ట్రిపుల్ నంబరు, ఛాసిస్ నంబరు, కట్టిన అడ్వాన్స్ యాభై వేలు, మొత్తం రాసి ఉంది. అది తీసి అదే అద్దం మీద పెట్టాను. అప్పుడు కుర్రాడు నవ్వలేదు. మనవాడి గొంతు కూడా తగ్గి, "ఏటి సార్, ఇంతదానికి అంత సీరియస్ అవుతారు, వారం ఆగండి, అకౌంట్‌లో వేసేస్తాం" అన్నాడు. వారం దాటిపోయింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడు, వాట్సాప్‌లో నీలం టిక్కులు మాత్రం పడుతున్నాయి.

ఇంకో సంగతి ఇంటికొచ్చాక గమనించాను. నేను స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్ షాపు పేరు మీద లేదు, ఎవరిదో సొంత అకౌంటు. పాత బండ్లు అమ్మే డీలర్లకి 2023 ఏప్రిల్ 1 నుంచి ఆర్టీఓ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలని రూలు. వీళ్ళ గోడ మీద రేసు పోస్టర్లు తప్ప అలాంటిదేదీ నాకు కనబడలేదు. రేపు మాధవధార ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి వీళ్ళకి అది ఉందో లేదో అడుగుతాను.

కొనేవాళ్ళు చూసుకోవాల్సింది పెద్దగా ఏం లేదు. చీటీలో కంపెనీ, మోడల్, బండి నంబరు, ఛాసిస్ నంబరు, బండి ఇవ్వకపోతే అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారన్నది రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. డబ్బులు షాపు అకౌంటుకే వేయండి. "వెళ్ళేలోపు స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పి, వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి దగ్గర పెట్టి చూడండి. 2019లో జిల్లా కోడ్‌లు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ39 సిరీస్ తెచ్చారు కాబట్టి, పాత ఏపీ31లాగా ప్లేటు చూసి వైజాగ్ బండి అనుకోకండి, ఆర్‌సీలో అడ్రసు, హైపోథికేషన్ (బండి మీద లోను ఉందా అన్నది) చూడండి.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. ఇదే షాపులో ఇంకెవరి అడ్వాన్స్ అయినా ఇరుక్కుని ఉంటే మీ చీటీ ఫోటో నాకు మెసేజ్ చేయండి, ఇద్దరు ముగ్గురం ఉంటే కలిసే వేద్దాం. ఆ ట్రిపుల్ ఫుల్ క్యాష్‌తో కొన్న పార్టీ ఇది చదువుతుంటే మీరూ ఒక ముక్క చెప్పండి సార్, మీకు అమ్మింది ఏ తేదీనో. మీ మీద నాకేం కోపం లేదు, ఆ తేదీ ఒక్కటే కావాలి.